కురుమయ్య చెవి

ఎండలు ముదరగానే గద్వాల సంతలోకి కుండలు దిగుతాయి. హన్మమ్మ ఒక్కో కుండనూ ఎడమ అరచేతి మీద నిలబెట్టి, కుడిచేతి వేలిముడుసుతో కొట్టి, తల పక్కకు వంచి వింటుంది. నచ్చితే పక్కన పెడుతుంది, నచ్చకపోతే మారుమాట లేకుండా కుప్పలో కలిపేస్తుంది. ఆమె భర్త కురుమయ్య చేతిసంచీ పట్టుకుని నాలుగడుగుల దూరంలో, ఆ బేరంతో తనకు ఏ సంబంధమూ లేనట్టు నిలబడి ఉంటాడు.

కుండలమ్మే ఎల్లన్నకు ఇది ఏటేటా నవ్వులాట.

"ఏం కురుమన్నా, ఇనుప పట్టా పగిలితే చెవుతోని పట్టెటోనివి. గీ మట్టికుండ చూసిపెట్టరాదా ఆమెకు?"

"ఆమె కుండ, ఆమె ఇష్టం," అంటాడు కురుమయ్య.

పెళ్లయిన కొత్తలో కుండలు చూసే పని కురుమయ్యదేనని ఎల్లన్నకు తెలియదు. అప్పుడు హన్మమ్మే కుండను తెచ్చి అతని చెవి దగ్గర పెట్టి, తాను కొట్టి, "ఎట్లున్నది?" అని అడిగేది. అతను కళ్లు మూసుకుని విని చెప్పేవాడు. అదంతా పంతొమ్మిది వందల ఎనభై రెండు వానాకాలం దాకా. ఆ తర్వాత నలభై మూడేళ్లలో ఆమె ఒక్క కుండనూ అతని చెవి దాకా తేలేదు.

కురుమయ్య రైల్వేలో కీమెన్‌గా చేశాడు. గద్వాల స్టేషను నుంచి పూడూరు వైపు ఆరు కిలోమీటర్ల లైను అతనిది. అప్పుడది చిన్నలైను, మీటర్ గేజ్. తెల్లారగానే భుజాన సుత్తె వేసుకుని, సంచిలో బోల్టులు బిగించే పానా, ఎర్రజెండా, పచ్చజెండా పెట్టుకుని బయలుదేరేవాడు. పట్టాను కింద అడ్డంగా పరిచిన స్లీపరుకు బిగించి ఉంచే ఇనుప చీలలను వాళ్లు చావీలు అంటారు. బండ్లు పోయే అదురుకు అవి వదులవుతాయి. వదులైనదాన్ని సుత్తెతో కొట్టి బిగించాలి. అది చేతి పని. దానికంటే పెద్దది చెవి పని. ప్రతి పట్టా మీదా సుత్తెతో ఒక దెబ్బ వేయాలి. మంచి పట్టా గంటలా మోగుతుంది, ఆ మోత సన్నబడుతూ చాలాసేపు సాగుతుంది. లోపల పగులుంటే 'దబ్' మని అక్కడికక్కడే ఆగిపోతుంది.

అతనికి పని నేర్పిన మేస్త్రీ మల్లయ్య మొదటిరోజే చెప్పాడు. "చూడు పిలగా, పగులు లోపట ఉంటది, కంటికి దొరకదు. చెవుతోని ఇన్నంకనే పచ్చజెండ ఎత్తాలె. ఇనకుండ ఎత్తినవంటే ఆ బండ్ల ఉన్నోళ్ల పానం నీ మెడకే."

ముప్పై ఐదేళ్ల నౌకరీలో కురుమయ్య ఆ మాట తప్పలేదు. తప్పనందుకే అతని ఇంట్లో కుండలు మూగబోయాయి.

ఎనభై రెండు శ్రావణంలో ఒక ఉదయం, గద్వాలకు మూడు కిలోమీటర్ల అవతల, గేటు దగ్గరి మలుపులో ఒక పట్టా 'దబ్' మంది. మళ్లీ కొట్టాడు. మళ్లీ అదే. కర్నూలు పోయే ప్యాసింజరు అప్పటికే గద్వాలలో కూత వేసింది. కురుమయ్య ఎర్రజెండా విప్పి ఎదురు పరుగెత్తాడు. బండి మలుపుకు చాలా ఇవతలే ఆగింది. డ్రైవరు దిగి వచ్చి పట్టాను వంగి చూశాడు, చేత్తో తడిమాడు.

"కంటికేం కనపడ్తలేదు గదయ్యా."

"లోపట ఉంది సార్."

అంతలో మూడో పెట్టెలోంచి అతని అత్త గొంతు వినబడింది. "ఓ కురుమయ్యా! నీ పెండ్లం ఉన్నది బండ్ల! నొప్పులు ఆగుతలేవు, కర్నూలు దవాఖానకు తీస్కపొమ్మన్నరు!"

పొద్దున తాను ఇంట్లోంచి వచ్చేటప్పుడు హన్మమ్మ రొట్టెలు కొడుతూ ఉంది. నెలలు నిండడానికి ఇంకా పది రోజులున్నాయి. అతను పెట్టె వైపు రెండడుగులు వేసి ఆగాడు.

డ్రైవరు మంచివాడు. దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అన్నాడు. "నడక మీద పోనిస్త. నువ్వు పచ్చజెండ ఎత్తు సాలు. ఏం కాదు."

ఎత్తితే హన్మమ్మ గంటన్నరలో కర్నూలులో ఉంటుంది. ఆ పట్టా విరిగితే హన్మమ్మతో పాటు రెండు వందలమంది మలుపు కింది కాలువలో ఉంటారు. కురుమయ్య సుత్తె ఎత్తి ఆ పట్టా మీద ఇంకోసారి వేసి విన్నాడు. చివరికి, "మేస్త్రీ రావాలె సార్," అన్నాడు.

గేటు దగ్గర ఎద్దులబండైనా దొరుకుతుందేమోనని హన్మమ్మను దింపి, ఇద్దరు ఆడవాళ్లు రెక్కలు పట్టుకుని లైను వెంట నడిపించుకుంటూ తెచ్చారు. బండి దొరకలేదు. ఆ పట్టా పక్కనే, గేటు గుడిసె నీడలో కూర్చోబెట్టారు. ఆమె పళ్లు బిగబట్టి, కళ్లు మూసుకుని, ఒక చేత్తో స్లీపరు అంచు పట్టుకుని ఉంది. మొగుడి వైపు చూడలేదు.

ఆ రోజు మల్లయ్య సెలవులో ఉన్నాడు. ట్రాలీ మీద వచ్చింది కొత్త మేస్త్రీ. రెండు దెబ్బలు వేసి, "నాకేం తెలుస్తలేదు," అన్నాడు. కురుమయ్య సుత్తె అందుకుని పక్క పట్టాను, దీన్ని, పక్కదాన్ని, దీన్ని మార్చి మార్చి కొట్టి వినిపించాడు. "ఏమో, నువ్వంటున్నవు కాబట్టి బిగిస్త," అని మేస్త్రీ రెండు వైపులా పలకలు వేసి బోల్టులు బిగించి, కాగితం మీద 'కీమెన్ అనుమానం మేరకు' అని రాసుకున్నాడు. హన్మమ్మను మళ్లీ ఎక్కించుకుని బండి కదిలేసరికి రెండు గంటలు దాటింది.

కర్నూలులో మగపిల్లవాడు పుట్టాడు. ఏడవలేదు. ఒక గంట ముందు వచ్చి ఉంటే బతికేవాడేమో, చెప్పలేము అన్నారు డాక్టరమ్మ. తుంగభద్ర ఒడ్డున పూడ్చి వచ్చారు.

మూడు రోజుల తర్వాత ఆ పట్టాను మార్చారు. పాతదాన్ని మిగతా తుక్కుతో కలిపి వ్యాగనులో వేసి పంపేశారు. అది నిజంగా పగిలి ఉందో లేదో కురుమయ్య కళ్లతో చూడలేదు. పగులు సంగతి ఎవరూ తేల్చకుండానే, ప్రమాదం తప్పించినందుకని పైనుంచి ఒక మెప్పు కాగితం వచ్చింది. హన్మమ్మ దాన్ని చించలేదు, గోడకూ తగిలించలేదు. ట్రంకుపెట్టె అడుగున పరిచి పైన చీరలు సర్దింది. మాట్లాడటం మానలేదు. వండింది, పెట్టింది, ఏడేళ్లకు కూతురు జయశ్రీని కన్నది. కానీ ఆ రోజు సంగతి ఆమె నోట మళ్లీ రాలేదు, అతను ఎత్తబోతే లేచి వెళ్లిపోయేది.

అతనికి మిగిలింది ఒక్కటే, ఆ రోజు తన చెవి విన్న 'దబ్'. నిద్ర పట్టనప్పుడల్లా దాన్ని తలలో మళ్లీ వాయించుకునేవాడు. విన్నాను, నిజంగానే విన్నాను అనుకునేవాడు. అలా అనుకుంటేనే తెల్లారి లేచి సుత్తె పట్టుకోగలిగేవాడు.

ఇప్పుడతనికి డెబ్బై ఒకటి. నాలుగైదేళ్లుగా ఇంట్లో ఏవో మారుతున్నాయి. కుక్కరు కూత వేస్తే హన్మమ్మ లేస్తుంది, అతను లేవడు. జేబులో ఫోను మోగుతుంటే పక్కవాళ్లు చెప్పాలి. మనవరాలు అమూల్య మాట్లాడితే పెదవుల వైపు చూస్తూ ఊరికే తల ఊపుతాడు. ఎవరైనా అడిగితే, "ఇనొచ్చింది, జవాబియ్యాలె అనిపియ్యలే," అంటాడు.

జయశ్రీ పాన్‌గల్‌లో ఉన్నత పాఠశాలలో సైన్సు చెబుతుంది. ఏడేళ్ల అమూల్య రెండుసార్లు దగ్గితే థర్మామీటరు తీసే మనిషి. తండ్రి సంగతి ఆమె ఎప్పుడో కనిపెట్టింది. "నాయినా, ఒక్కపారి వనపర్తిల చూపిద్దాం. మిషన్ పెడితే మంచిగ ఇనొస్తది," అని బతిమాలింది.

"ముప్పై ఐదేండ్లు రైల్వేకు పనికొచ్చిన చెవి, నీకు పనికిరాదా?" అని అతను కోపం చేశాడు. ఆమె మళ్లీ ఎత్తలేదు.

ఆ దసరా సెలవుల్లో అల్లుడు మహిపాల్ ఫోనులో ఒక వీడియో చూపించాడు. కృష్ణా నది అవతల, కర్ణాటక హద్దు దాటాక, మూతపడిన చిన్నలైను స్టేషనొకటి ఉందట. రిటైరైన రైలువాళ్లు కొందరు కలిసి దాన్ని మ్యూజియం చేశారు. పాత పొగబండికి ప్రాణం పోసి, ఆదివారాలు రెండు కిలోమీటర్లు నడిపిస్తున్నారు. "మామా, చిన్నలైను ఇంజనే. పోదామా?"

కురుమయ్య ఆ ఫోను చాలాసేపు తిరిగి ఇవ్వలేదు. విచిత్రం ఏమిటంటే, "పోదాం పట్టు," అని ముందుగా అన్నది హన్మమ్మ.

ఆదివారం పొద్దున్నే కారులో వెళ్లారు. స్టేషను చిన్నది, ఎర్రపెంకుల కప్పుది. షెడ్డులో పాత లాంతర్లు, టిక్కెట్టు మిషన్లు, గోడకు వేలాడదీసిన సుత్తెలు. ప్లాట్‌ఫారం మీద నల్లటి ఇంజను, వెనుక మూడు పెట్టెలు. చుట్టూ ఫోన్లు ఎత్తి పట్టుకున్న జనం. ఆ బొగ్గు, నూనె కలిసిన వాసన తగలగానే కురుమయ్య ఆగిపోయి కళ్లు తుడుచుకున్నాడు. "పొగ," అన్నాడు, ఎవరూ అడగకపోయినా.

ఇంజను నడిపేది స్టీఫెన్, గుంతకల్లు వైపు పనిచేసి రిటైరైన డ్రైవరు. కురుమయ్య కీమెన్ అని తెలియగానే చెయ్యి పట్టుకుని వదల్లేదు.

"అన్నా, డ్రైవర్లు వస్తారు, గార్డులు వస్తారు, స్టేషన్ మాస్టర్లయితే లెక్కే లేదు. కీమెన్ రావడం ఇదే మొదలు. మీరు లేకుండా మేమెట్లా నడిపామన్నా బండి!" అని గోడ మీది సుత్తె దించి అతని భుజాన పెట్టాడు. "ఇవాళ లైను మీరే చూడాలి. మా పిల్లోళ్లు పొద్దున్నే చూసేశారు, రిజిస్టరులో సంతకం కూడా అయింది. ఊరికే జనాలకు చూపిద్దాం. ఒక ఇరవై పట్టాలు కొట్టి పచ్చజెండా ఊపండి, నేను కూత వేస్తా."

జనం చప్పట్లు కొట్టారు. మహిపాల్ వీడియో మొదలుపెట్టాడు. కురుమయ్య నడుం అదంతట అదే నిటారు అయింది. అమూల్య అతని వేలు పట్టుకుని లైను మీదికి దిగింది.

"మమ్మీ, నేను తాతతోని పోత!"

"కంకర మీద పడతవ్! మహీ, చూడు దాన్ని!" అని జయశ్రీ ప్లాట్‌ఫారం అంచు దాకా పరుగెత్తింది.

కురుమయ్య సుత్తె ఎత్తి మొదటి పట్టా మీద వేశాడు. దబ్.

పాత పట్టా కదా, తుప్పు ఉంటుంది అనుకున్నాడు. రెండోదాని మీద వేశాడు. దబ్. మూడోది. దబ్. నాలుగోదాన్ని బలంగా కొట్టాడు. అరచేతికి అదురు తెలిసింది, అది మంచి పట్టా అదురే, మోచేతి దాకా జివ్వుమంది. చెవికి మాత్రం బస్తా మీద కొట్టినట్టు వినబడింది.

అమూల్య రెండు చెవులూ మూసుకుని గంతులేస్తోంది.

"ఏమైంది బిడ్డా?"

ఆ పిల్ల అతని మొహంలో మొహం పెట్టి అరిచింది. "చెవుల గుయ్యిమంటుంది తాతా! ఇస్కూలు బెల్లు లెక్క! ఇంకా మోగుతనే ఉంది!"

కురుమయ్య పట్టా వైపు చూశాడు. అతనికి ఏమీ మోగడం లేదు.

జయశ్రీ వచ్చి పిల్లను ఎత్తుకుపోయి మొదటి పెట్టెలో కూర్చోబెట్టింది. కిటికీకి చువ్వలు లేవని గౌను వెనక నుంచి గట్టిగా పట్టుకుంది. కురుమయ్య మిగిలిన పట్టాలన్నీ కొట్టుకుంటూ వెళ్లాడు. ఇరవయ్యీ ఒకటే మాట అన్నాయి. ఇరవై పట్టాలూ పగిలి ఉండవు. పగిలింది ఏదో అతనికి తెలిసిపోయింది.

తిరిగి వచ్చి ఇంజను ముందు నిలబడ్డాడు. ఎడమ చంకలో సుత్తె, కుడిచేతిలో చుట్టిన రెండు జెండాలు. స్టీఫెన్ పైనుంచి బొటనవేలు ఎత్తి చూపించాడు. ఏముంది, ఊపితే అయిపోతుంది. లైను వాళ్లు చూసుకున్నారు. ఇది ఆట. చిన్నపిల్లలకు కూడా తెలుసు ఇది ఆటని.

మొదటి పెట్టె కిటికీలో అమూల్య చెయ్యి ఊపుతోంది.

కురుమయ్య పచ్చజెండా విప్పబోయాడు. వేళ్లు ముడిని విప్పలేదు. వినకుండా ఎన్నడూ ఎత్తని చెయ్యి అది. ఒకనాడు కడుపుతో ఉన్న పెళ్లానికే ఎత్తని చెయ్యి. అతను ఎర్రజెండా విప్పి రెండు చేతులతో అడ్డంగా పట్టుకున్నాడు.

జనం నవ్వారు. "పెద్దాయన రంగులు మర్చిపోయిండు!" అని ఎవరో అరిచారు. స్టీఫెన్ మాత్రం నవ్వలేదు. ఇంజను దిగి వచ్చాడు.

"ఏమన్నా, ఏ పట్టా?"

"పట్టా కాదు తమ్మీ." కురుమయ్య జెండా దించలేదు. "నాకు ఇనొస్తలేదు. ఇనకుండ నేను ఎట్ల ఎత్తాలె? నువ్వు వేరేటోన్ని పెట్టుకో."

 స్టీఫెన్ రిజిస్టరు మీద సంతకం చేసిన కుర్రవాడిని పిలిచి, జనం ముందే మళ్లీ పట్టాలన్నీ చూసి రమ్మన్నాడు. పావుగంట పట్టింది.  లైను బాగుంది. ఆ కుర్రవాడే పచ్చజెండా ఊపాడు.

ఈలోగా జయశ్రీ పిల్లను మహిపాల్‌కు అప్పగించి దిగి వచ్చి తండ్రిని ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చోబెట్టింది. కాస్త మెరుగ్గా వినబడే కుడిచెవి వైపు కూర్చుని, గట్టిగా, ఒక్కో మాటా విడమర్చి చెప్పింది. "వయసుకు అందరికీ గట్లనే అయితది నాయినా. సన్నటి చప్పుళ్లు ముందుగాల పోతయి. మోత సన్నటిది, దెబ్బ లావుది. నీకు దెబ్బే ఇనొస్తుంది, మోత ఇనొస్తలేదు. అంతే."

"ఎప్పటి సంది?"

"ఒక్క దినంల పోదు. మెల్లమెల్లగ, మనకు తెల్వకుండనే పోతది."

ఆ మాట ఆమె ఓదార్పుగా అన్నది. కురుమయ్య ఆమె వైపు తిరిగాడు. "తెల్వకుండనే పోతదా? మరి ఆ దినానికే పోయిందేమో బిడ్డా. మంచి పట్టానే నేను దబ్ అని ఇన్ననేమో. ఉత్తగ ఆపిన్నేమో బండిని."

ఏ దినమో జయశ్రీకి సగం సగమే తెలుసు. అప్పటికి నీకు ఇరవై ఎనిమిదేళ్లే కదా అనబోయింది. ఇంతలో ఇంజను కూత వేసింది, కిటికీలోంచి అమూల్య "మమ్మీ!" అని ఏడుపు మొదలుపెట్టింది. అతని ఎడమపక్క కూర్చున్న హన్మమ్మ కూతురి భుజం తట్టి, "నువ్వు పో. నేను కూసుంట," అంది. జయశ్రీ పరుగెత్తి ఎక్కింది. బండి పొగ వదులుతూ కదిలి మలుపు తిరిగింది. ప్లాట్‌ఫారం ఖాళీ అయింది.

హన్మమ్మ లేచి, కూతురు కూర్చున్న చోటికి, అతని కుడిచెవి పక్కకు మారి కూర్చుంది. కొంగు సర్దుకుంది. పట్టాల వైపు చూసింది.

"ఇను," అంది. "ఆ దినం నేను పట్టా పక్కపొంటే కూసున్న. కండ్లు మూసుకున్న గని చెవులు మూసుకోలే. నువ్వు మేస్త్రీకి కొట్టి చూపిచ్చినవు. పక్కది మోగింది. అది మోగలే. పగిలిన కుండ లెక్క అన్నది. నాకు ఇనొచ్చింది."

కురుమయ్య మెల్లగా తల తిప్పాడు. "ఇన్నవా నువ్వు?"

"ఇన్న."

"ఇన్నేండ్లు చెప్పలే."

"చెప్తే నీకు నిమ్మలమైతది." ఆమె గొంతులో తడి లేదు. "నా పిలగాడు మన్నుల పన్నంక నీకెందుకు నిమ్మలం అనుకున్న. నేను కాల్తుంటి. నువ్వు గూడ కాలాలె అనుకున్న. యాదికొచ్చినప్పుడల్ల రేపు చెప్త, రేపు చెప్త అనుకుంట, ఒక్క తీర్గ ఇన్నేండ్లు పోయినయి."

"మరి ఇప్పుడెందుకు చెప్పినవ్?"

"నీకు ఇనొచ్చే దినాలు ఐపోతున్నయి. ఇంక ఎప్పుడు చెప్పాలె?"

అతను సుత్తె కర్రను రెండు చేతులతో పట్టుకుని గడ్డం దాని మీద ఆనించాడు. ఈ ఒక్క మాట కోసం నలభై మూడేళ్లు ఎదురుచూశాడు. ఎవరైనా చెబితే గుండె మీది బండ దిగుతుందని అనుకునేవాడు. ఇప్పుడు చెప్పింది, అదీ హన్మమ్మే చెప్పింది. బండ దిగలేదు. పట్టా పగిలిన మాట నిజమైతే, పిల్లవాడు పోయిన మాట కూడా అంతే నిజంగా పక్కన కూర్చుంది. వాడికి పేరు కూడా పెట్టలేదని గుర్తొచ్చింది. ఆమెను అడగాలనుకున్నాడు, మనసులోనైనా ఏదైనా పేరు అనుకున్నావా అని. అడగలేదు. ఆమె భుజం అతని భుజానికి ఆనింది. ఇద్దరిలో ఎవరు ముందుగా ఏడ్చారో తెలియదు గానీ, హన్మమ్మ కొంగుతో తన కళ్లు తుడుచుకుని, అదే కొంగు అతని చేతికి ఇచ్చింది.

కాసేపటికి కాళ్లకింద బండరాయి సన్నగా అదిరింది. బండి వస్తోందని అతనికి అలా తెలిసింది. పొగ ముందు కనబడింది, తర్వాత ఇంజను. పెట్టె కిటికీలో అమూల్య, వెనుక దాని గౌను పట్టుకున్న జయశ్రీ. ఆ పిల్ల నోరు పెద్దగా తెరిచి ఏదో అరుస్తోంది. కురుమయ్య ఎప్పట్లాగే తల ఊపబోయి, ఆగాడు.

"ఏమంటుంది?" అని భార్యను అడిగాడు.

హన్మమ్మ అతని చెవి దగ్గరికి వంగింది. "ఇంకోపారి పోతదంట. తాతను గూడ ఎక్కమంటుంది."